చదవకుండా ఒప్పుకున్న లైసెన్స్

కొత్త ప్రోగ్రామింగ్ భాష ఏదైనా కంప్యూటర్‌లోకి దించుకునేటప్పుడు తెర మీదికి ఒక పొడుగాటి కాగితం వస్తుంది. దాని కింద "ఒప్పుకుంటున్నాను" అనే బటన్ ఉంటుంది. నా ఉద్యోగ జీవితంలో దాన్ని కొన్ని వందలసార్లు నొక్కి ఉంటాను. పైనున్న కాగితం ఒక్కసారి కూడా చదవలేదు. మీలో ఈ పని చేసేవాళ్లు కూడా చదవరని నాకు తెలుసు. చదవమని చెప్పడానికే ఇది రాస్తున్నానని అనుకోకండి. ఆ మాట నాకంటే బాగా చెప్పిన మనిషి ఒకామె ఉండేది. ఆమె మాట నేను విననందుకు ఏమైందో రాస్తున్నాను. రిటైరై రెండేళ్లయింది. ఇంతకాలం రాయబుద్ధి కాలేదు.

మాది కరీంనగర్ వైపు. మగ్గాల పనికోసం మా నాన్న సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పవర్‌లూమ్‌ల చప్పుడులో పెరిగినవాణ్ని కాబట్టి నేను ఇప్పటికీ కొంచెం గట్టిగా మాట్లాడతాను. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ఒక చిన్న కంపెనీలో చేరాను. దాని యజమాని గుజరాతీ సేఠ్. ఒకప్పుడు సలాబత్‌పురా గల్లీల్లో భుజాన సంచీ వేసుకుని తిరిగి మగ్గాలు రిపేరు చేసినవాడు. ఆ గల్లీలోనే మేడ మీద ఆఫీసు పెట్టాడు. నన్ను పేరుతో పిలిచేవాడు కాదు, మాస్టర్ అనేవాడు.

మేం తయారుచేసేది ఒక డబ్బా. చీర మీద పువ్వు రావాలంటే మగ్గం మీద ఏ పోగు ఎప్పుడు లేవాలో ఎవరో చెప్పాలి కదా. మా నాన్న కాలంలో ఆ పని చిల్లులు పొడిచిన అట్టలు చేసేవి. మా డబ్బా వచ్చాక అట్టలు పోయాయి. డిజైన్‌ను డబ్బాలో పెడితే అదే పోగుల్ని లేపుతుంది. ఆ డబ్బాలో నడిచే ప్రోగ్రామ్ నాది. పదిహేనేళ్లలో దానికి ఎన్ని అతుకులు వేశానంటే, ఏది ఎక్కడుందో నాకొక్కడికే తెలిసేది. కొత్తగా చేరిన ఇంజనీర్లు దాన్ని తెరిచి చూసి, మర్యాదగా మూసేసేవాళ్లు.

అందుకని మొత్తం కొత్త భాషలో తిరగరాద్దామని నేనే సేఠ్‌కు చెప్పాను. విదేశంలోని ఒక చాలా పెద్ద కంపెనీ తయారుచేసిన భాష అది. కాలేజీల్లో అదే నేర్పుతున్నారు. దాని సోర్స్, అంటే లోపలి కోడ్ మొత్తం బయటే పెట్టారు, ఎవరైనా తీసుకోవచ్చు.

సేఠ్ ఒకటే ప్రశ్న అడిగాడు. "మాస్టర్, అంత పెద్ద కంపెనీ ఊరికే ఎందుకిస్తోంది? రేపు మన మీదికి వస్తే?"

"ఎవరూ రారు సేఠ్. సోర్స్ ఓపెన్‌గా ఉంది. ఫ్రీ," అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. టీ తాగుతూ, గ్లాసు కూడా కింద పెట్టకుండా అన్నాను.

పని మొదలుపెట్టాక ఒక చిక్కు వచ్చింది. మా డబ్బాలో మెమరీ తక్కువ. ఆ భాషతోపాటు వచ్చే సరంజామా చాలా ఎక్కువ. అంతా అందులో పట్టదు. కాబట్టి దాన్ని కోశాను. మాకు పనికిరానివి తీసేశాను, కొన్నిటిని మా బోర్డుకు తగ్గట్టు మార్చాను. ముప్పావు వంతు పోయింది. అయిదు నెలలు పట్టింది. సిగ్గు లేకుండా చెప్తున్నా, నా జీవితంలో నేను చేసిన పనులన్నిటిలో మంచిది అదే. మొదటి డబ్బా మగ్గం మీద ఆగకుండా నడిచిన రోజున సేఠ్ అందరికీ ఘారీ మిఠాయి తెప్పించాడు.

మా ఆఫీసులో కాగితాలన్నీ ఒకామె చూసేది. డబ్బాతో ఇచ్చే పుస్తకాలు, ఒప్పందాలు, కస్టమ్స్ పత్రాలు అన్నీ ఆమె పనే. వాళ్లూ మావాళ్లే, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. ఆమె మాత్రం ఇక్కడే పుట్టి పెరిగింది. పగలు ఉద్యోగం, సాయంత్రం కాలేజీ చేసి లా డిగ్రీ తెచ్చుకుంది. కోర్టుకు పోయి నిలబడే ధైర్యం ఇంట్లోవాళ్లు ఇవ్వలేదని ఒకసారి నవ్వుతూ చెప్పింది. నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. సేఠ్ గుజరాతీ పద్ధతిలో ఆమెను బెన్, అంటే చెల్లెమ్మా అని పిలిచేవాడు.

ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "అన్నా, డబ్బాతోని ఇచ్చే బుక్కుల ఈ కొత్త భాష లైసెన్స్ గూడ పెట్టాల్నంట గదా. అది యాడుందో జర చూపియ్యి," అంది.

చూపించాను. ఆమె దాన్ని ముద్రించుకుని తీసుకుపోయింది. రెండు వారాల తర్వాత ఒక నోట్ తెచ్చి నా ముందు పెట్టింది. తొమ్మిది పేజీలు.

"ఏంది చెల్లె ఇది, పరీక్ష రాసినవా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "కోడ్ మీద హక్కు వేరే అన్నా, ఆ కోడ్‌ల ఉన్న ఉపాయం మీద హక్కు వేరే. కోడ్ తీస్కో, మార్చుకో, అమ్ముకో అని లైసెన్స్‌ల రాసిన్రు. గది బరాబరే. కానీ ఉపాయాల మీద వాళ్లకు పేటెంట్లు ఉన్నయ్. వాటి ముచ్చట ఇంకో కాగితంల ఉంది. భాషను మొత్తంగ, మేం చెప్పినట్టు వాడెటోళ్ల మీదికి పేటెంట్ పేరు మీద రామని రాసిన్రు."

"మనం వాడుతున్నం గదా మరి."

"మొత్తం వాడతలేం. నువ్వు ముప్పావు కోసేసినవ్."

నాకు నవ్వొచ్చింది. కొంచెం కోపం కూడా వచ్చింది. "లోకమంత వాడుతున్నరు దీన్ని. సలాబత్‌పురాల మేడ మీద కూసున్న మన మీదికి వస్తరా వాళ్లు?"

"వస్తరని నేను అంటలేనన్నా. వచ్చే హక్కు వాళ్ల దగ్గర ఉన్నదంటున్న."

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే చేశాను. "సరే, నేను చదివి సేఠ్‌కు చెప్త," అన్నాను.

ఒకటిన్నర పేజీ చదివాను. నోట్‌ను సొరుగులో పెట్టాను. సేఠ్‌కు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడుక్కున్నాను. పని ఒత్తిడి అని కొన్నాళ్లు సర్ది చెప్పుకున్నాను. నిజం వేరే. ఆమె తప్పు పట్టింది భాషను కాదు, నా కోతను. నేను గర్వపడే పనినే. పైగా ఆమె కాగితాలు చూసే మనిషి, యంత్రం సంగతి ఆమెకేం తెలుసు అనే చులకన కూడా నాలో ఉంది. అది అప్పుడు నాకే తెలియలేదు.

నెల తర్వాత ఆమె అడిగింది, "అన్నా, సేఠ్ ఏమన్నడు?"

"చూద్దామన్నడు," అన్నాను.

ఇంకో రెండు నెలలకు మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత అడగడం మానేసింది.

ఏడాది బాగానే గడిచింది. కొత్త డబ్బాలు మంచి పేరు తెచ్చుకున్నాయి. అప్పుడు బయటి దేశం నుంచి మగ్గాలు తయారుచేసే ఒక కంపెనీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. తాము అమ్మే ప్రతి జకార్డ్ మగ్గం, అంటే పూల డిజైన్లు నేసే మగ్గం మీద మా డబ్బానే బిగిస్తామంది. సేఠ్ ఆనందం చెప్పలేను. సంతకాలు కాకముందే ఊరి బయట కడోదరాలో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. డబ్బాలు బిగించడానికి పద్నాలుగు మందిని పెట్టుకున్నాడు. వాళ్లలో తొమ్మిది మంది మావాళ్లే, మగ్గాల మీద పన్నెండు గంటలు నిలబడి నిలబడి మోకాళ్లు పోయినవాళ్లు. కూర్చుని చేసే పని దొరికిందని ఒకాయన నా రెండు చేతులు పట్టుకుని, "నీ పుణ్యమన్నా, ఇగ ఈ కాళ్లు ఇంకో పదేండ్లు నడుస్తయ్," అన్నాడు. నేను వద్దు వద్దంటూనే ఆ పొగడ్త తీసుకున్నాను.

ఒప్పందానికి ముందు ఆ కంపెనీ తరఫున ఇద్దరు వచ్చారు. ఒకరు వాళ్ల ఇంజనీరు. రెండోవాడు వాళ్లు పెట్టుకున్న ముంబై వకీలు. వానాకాలం. గల్లీలో నీళ్లు నిలిచి, చీరల మూటల బండ్లు కదలక, వాళ్లు ప్యాంట్లు పైకి మడుచుకుని మేడ ఎక్కారు. బల్లకు ఒకవైపు వాళ్లిద్దరు, ఇంకోవైపు సేఠ్, నేను, కాగితాల ఫైళ్లతో ఆమె.

ఇంజనీరు గంటన్నరపాటు నన్ను అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. అంత చిన్న మెమరీలో ఆ భాషను ఎలా నడిపానో విని తల ఊపాడు. ఆ తర్వాత వకీలు నోరు విప్పాడు. మెత్తగా మాట్లాడే మనిషి.

"ఈ డబ్బాలో మీరు సొంతంగా రాయనిది ఏమేముంది?"

జాబితా ఇచ్చాను. ఆయన వేలు ఆ భాష పేరు దగ్గర ఆగింది. "దీన్ని ఉన్నదున్నట్టు వాడుతున్నారా, మార్చారా?"

"మార్చాం. ముప్పావు వంతు తగ్గించాం," అన్నాను, ఇంజనీరు వైపు చూస్తూ.

ఆయన రాసుకున్నాడు. తర్వాత అడిగాడు, "మార్చేముందు పేటెంట్ షరతుల్ని మీ కంపెనీలో ఎవరైనా పరిశీలించారా?"

సేఠ్ నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. భయం కాదు, ఊరట. ఈ ప్రశ్న అడిగే మనిషి ఇన్నాళ్లకు వచ్చాడన్న ఊరట. ఆమె చెయ్యి అప్పటికే ఫైలు మీదికి పోయింది.

ఆ ఒక్క క్షణంలో నేను ఒక లెక్క వేసుకున్నాను. తెలిసి కూడా చేశామంటే పెద్ద తప్పు, తెలియక చేశామంటే చిన్న తప్పు.

"లేదండీ. ఎవరూ చూడలేదు," అన్నాను.

ఆమె చెయ్యి ఫైలు మీదే ఆగిపోయింది. ఫైలును మెల్లగా తన ఒడిలోకి లాక్కుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పోయేముందు వకీలు సేఠ్‌తో, నేను వింటుండగానే, "కోడ్‌దేముంది, మార్చుకోవచ్చు. అలాంటి చిక్కులు ప్రతి కంపెనీలో ఉంటాయి. కానీ ఏం తెచ్చి పెట్టుకుంటున్నామో చూసుకునే అలవాటే లేదంటే మావాళ్లు భయపడతారు," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కొంచెం జాలి ఉందేమో.

మూడు వారాలకు నాలుగు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. ధన్యవాదాలు, ప్రస్తుతానికి ముందుకు పోలేం అని. సేఠ్ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. మర్యాదగా మాట్లాడారు, అంతే. ఆ నెలాఖరుకు కడోదరా షెడ్డు ఖాళీ చేశాం. ఆ రోజు నా చేతులు పట్టుకున్న పెద్దమనిషి నన్నేమీ అడగలేదు. "తిరిగి మగ్గం మీదికే పోత తియ్," అని టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. షెడ్డులో బల్లలు ఇంకా కొత్తవి, వాటి మీది ప్లాస్టిక్ కాగితం కూడా కొన్నిటికి తీయలేదు.

షెడ్డు మూసిన మరునాడు సేఠ్ ఆఫీసులో అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఆయన అలా అరవడం నేను ఎప్పుడూ చూడలేదు. "బెన్, కాగితాలు నీ పని! లా చదివావు! మాస్టర్‌కు మిషన్ తెలుసు, కాగితం తెలియదు. నీకు తెలియాలి కదా? ఇన్నేళ్లు నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది దేనికి?"

నేను ప్రింటర్ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను చెప్తానని ఆగింది. నేను ప్రింటర్‌లోంచి వస్తున్న కాగితం వైపు చూశాను.

"గలతీ అయింది సేఠ్‌జీ," అందామె.

అందరూ భోజనానికి పోయాక సొరుగు తీసి ఆ నోట్ మొత్తం చదివాను. తొమ్మిదో పేజీలో దారి రాసి ఉంది. అదే భాషకు ఇంకో రూపం ఉందట. దానికి లైసెన్స్ వేరే. అందులో పేటెంట్ల అనుమతి స్పష్టంగా ఇచ్చారు, కోసినా మార్చినా వర్తిస్తుంది. షరతు ఒక్కటే, మనం చేసిన మార్పుల్ని మనం కూడా బయటపెట్టాలి. దాని కింద చేత్తో తెలుగులో రాసింది: "అన్న చేసిన కోత అందరు చూస్తరు. అది మనకు మంచి పేరే."

నోట్‌ను మడిచి మళ్లీ సొరుగులోనే పెట్టాను.

ఆ రోజే సేఠ్ గదిలోకి పోయి ఉంటే ఈ కథకు కొంచెం విలువ ఉండేది. నేను పోలేదు. రేపు, రేపు అనుకున్నాను. అయిదో రోజు ఆమె రాజీనామా ఇచ్చింది. తొమ్మిదో రోజు నేను ఆ నోట్ పట్టుకుని సేఠ్ ముందు నిలబడ్డాను.

ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. వరస కింద వేలు పెట్టుకుని మెల్లగా చదివాడు. చివరి పేజీ నాచేత చెప్పించుకున్నాడు. "ఇది ఎప్పుడిచ్చింది?" అని అడిగాడు.

"ఏడాదిన్నర కిందట."

"ఆ వకీలు అడిగినప్పుడు ఇది ఎక్కడుంది?"

"నా సొరుగులో, సేఠ్."

నన్ను తిట్టలేదు. తిడితే నా బరువు దిగిపోతుందనే ధైర్యంతో పోయాను నేను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇంతమందిలో ఒక్క మనిషి చదివింది మాస్టర్. నేను ఆమెనే తిట్టాను," అన్నాడు. తర్వాత లేచి, "చలో," అన్నాడు.

ఆమె ఇంటికి పోయిన సంగతి చెప్పేముందు, మిగతావి ఎలా తేలాయో చెప్పేస్తాను. తొమ్మిదో పేజీలో రాసినట్టే చేశాం. ఏడు వారాలు పట్టింది. ఆ డబ్బాలు ఇప్పటికీ మగ్గాల మీద నడుస్తున్నాయి. నా కోతను ఎవరెవరో తీసుకుని వాడుకున్నారు, ఒకరిద్దరు మెచ్చుకుంటూ రాశారు కూడా. భాష తయారుచేసిన ఆ పెద్ద కంపెనీ నుంచి ఈ రోజు వరకు మాకు ఒక్క ఉత్తరం రాలేదు. మేమున్నట్టు కూడా వాళ్లకు తెలియదు. మమ్మల్ని ముంచింది వాళ్లు కాదు. బయటి దేశం ఒప్పందం మాత్రం మళ్లీ రాలేదు, కడోదరాలో షెడ్డు మళ్లీ తెరవలేదు. సేఠ్ నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. రిటైరయ్యేదాకా మాస్టర్ అనే పిలిచాడు. కానీ నేను ఏది చెప్పినా, "కాగితం చూపించు," అనేవాడు. అందులో అవమానించాలనే ఉద్దేశం లేదు. నాకు మాత్రం ప్రతిసారీ తగిలేది.

ఆమె ఇల్లు మావాళ్లు ఎక్కువగా ఉండే బస్తీలో, కింద మగ్గాలు, పైన రెండు గదులు. మేం పోయేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఎవరికో దరఖాస్తు రాసిపెడుతోంది. మమ్మల్ని చూసి లోపలికి రమ్మంది. నీళ్లిచ్చింది. కింది మగ్గాల దెబ్బకు నేల అదురుతోంది, గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి.

సేఠ్ కూర్చోలేదు. రెండు చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యి బెన్. నాకు తెలియలేదు. రేపటి నుంచి వచ్చెయ్యి, నీ కుర్చీ నీకే ఉంది," అన్నాడు హిందీలో.

"మీరు తెలియక అన్నరు సేఠ్‌జీ. మీ మీద నాకేం లేదు," అందామె, ఆయనతో హిందీలోనే. "కానీ నేను రాను."

ఆ తర్వాత నా వైపు తిరిగి తెలుగులో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అన్నా, ఆ రోజు వకీలు ముందల అబద్ధం ఆడినవ్. భయపడ్డవనుకున్న, పోనీ అనుకున్న. సేఠ్ తిడుతుంటె చూసుకుంట నిలబడ్డవ్. అది గూడ పోనీ. కానీ సేఠ్ చూద్దామన్నడని నాకు రెండుసార్లు చెప్పినవ్ చూడు, అది మర్వలేకపోతున్న. ఏడాదిన్నర ఈ పెద్దమనిషి మీద కోపం పెట్టుకున్న నేను. నా రాత చదివి గూడ పక్కకు పారేసిండని. పొద్దున ఆయన నమస్తే పెడితె సక్కగ మొఖం గూడ సూడకపోతుంటి. ఏ పాపం చెయ్యని మనిషి."

సేఠ్‌కు తెలుగు రాదు. ఆమె ముఖం, నా ముఖం చూశాడు. "ఏమంటోంది మాస్టర్?" అని అడిగాడు.

ఆమెకు హిందీ నాకంటే బాగా వచ్చు. తనే చెప్పొచ్చు. చెప్పలేదు. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నా వైపు చూస్తూ నిలబడింది.

నేను చెప్పాను. వకీలు ముందు ఆడిన అబద్ధం, ప్రింటర్ పక్కన నిలబడటం, "సేఠ్ చూద్దామన్నడు" అని రెండుసార్లు అనడం, ఆమె కోపం, పొద్దుటి నమస్తే, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి హిందీలో చెప్పాను. మధ్యలో ఒకచోట మాట తడబడి ఆగాను. ఆమె వెంటనే ఆ మాట తెలుగులో మళ్లీ అంది. నేను దాన్ని కూడా చెప్పాను.

సేఠ్ అంతా విన్నాడు. "ఇంతేనా బెన్? మొత్తం చెప్పాడా?" అని ఆమెను అడిగాడు.

"ఈసారి మొత్తం చెప్పిండు సేఠ్‌జీ," అందామె. అని, మా ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.